చెప్పడం వేరు, హెచ్చరించడం వేరు

తెలుగు శాఖ గోడపత్రికలో ఇంగ్లీషు క్రియల పాఠమేమిటని కొందరికి అనిపించొచ్చు. కారణం చెప్తాను. బెంగళూరులో చదువుతున్న మనకి రోజూ కనిపించే కాగితాల్లో సగం ఏదో ఒక సంగతి ముందుగా తెలియజేసేవే. కరెంటు ఉండదని ఒకటి, ఫీజు గడువు ఫలానా తేదీ అని ఒకటి, ఇల్లు ఖాళీ చెయ్యమని ఒకటి, వాన గట్టిగా పడుతుందని ఇంకొకటి. ఇవన్నీ ఇంగ్లీషులో వస్తాయి. ఇంటికెళ్ళి వాటిని అమ్మకీ, అమ్మమ్మకీ, పక్కింటి వాళ్ళకీ తెలుగులో చెప్పేది మనమే. అలా చెప్పేటప్పుడు ఇన్ఫార్మ్, నోటిఫై, ఇంటిమేట్, అలర్ట్, కాషన్, వార్న్ అన్నిటినీ కలిపి “చెప్పారు” అనేస్తాం. కానీ ఆ మాటల మధ్య తేడా వ్యాకరణంతో ఆగిపోదు. నష్టం వస్తే అది ఎవరి నెత్తిన పడాలో కూడా ఆ తేడాయే తేలుస్తుంది.

ఇలాంటి క్రియ కనబడగానే మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఒకటి: చెప్పేది జరగబోయే దాని గురించా, జరిగిపోయిన దాని గురించా?
రెండు: అందులో కీడు ఉందా, లేక ఉత్త సమాచారమా?
మూడు: విన్న తర్వాత మనం ఏదైనా చెయ్యాలా?

ఈ మూడో ప్రశ్నని గుర్తుపెట్టుకోండి. ఈ వ్యాసం అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

తెలియజేసే క్రియలు

ముందుగా ఇన్ఫార్మ్. దీని మూలం లాటిన్. ఆకారం ఇవ్వడం అని మొదటి అర్థం. ఎదుటివాళ్ళ మనసులో ఒక విషయానికి రూపం ఇవ్వడం అన్నమాట. జరిగినదైనా, జరగబోయేదైనా, మంచైనా, చెడైనా ఇన్ఫార్మ్ చెయ్యొచ్చు. అందులో ప్రమాదం ఉండాలని లేదు.

ఇక్కడ మన తెలుగువాళ్ళందరం చేసే పొరపాటు ఒకటి ఉంది. “ఐ ఇన్ఫార్మ్డ్ టు హిమ్” అంటాం. ఆ “టు” ఎక్కడి నుంచి వచ్చింది? తెలుగు నుంచే. మనం “అతనికి తెలియజేశాను” అంటాం కాబట్టి, ఆ “కి” విభక్తి ఇంగ్లీషులోకి “టు” అయి దూరింది. ఇంగ్లీషులో ఇన్ఫార్మ్ తర్వాత మనిషి నేరుగా వస్తాడు: “ఐ ఇన్ఫార్మ్డ్ హిమ్”. విషయం చెప్పాలంటే ఆ తర్వాత “ఆఫ్” గానీ, “అబౌట్” గానీ, “దట్” గానీ పెట్టాలి. కన్నడ స్నేహితులు కూడా ఇదే పొరపాటు చేస్తారు, గమనించండి. వాళ్ళూ “అవనిగె తిళిసిదె” అంటారు. అక్కడా చతుర్థీ విభక్తే.

ఇంకా ముఖ్యమైన రెండో పొరపాటు: “ఇన్ఫార్మ్ హర్ టు కమ్ టుమారో” అనడం. ఇన్ఫార్మ్ అనే క్రియ ఆజ్ఞని మొయ్యదు. విషయాన్ని మాత్రమే మోస్తుంది. రమ్మని చెప్పాలంటే “టెల్ హర్ టు కమ్” అనాలి. అంటే ఇన్ఫార్మ్ చేసినవాళ్ళు నిజం మన చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. దానితో ఏం చెయ్యాలన్నది మనకే వదిలేస్తారు.

ఇన్ఫార్మ్ తర్వాత “ఆన్” వస్తే మాత్రం అర్థం పూర్తిగా మారిపోతుంది. ఒకరి గుట్టు పోలీసులకో, శత్రువులకో చేరవెయ్యడం అవుతుంది. తెలుగు పేపర్లలో “ఇన్‌ఫార్మర్” అనే మాటకి ఆ చేదు అర్థమే మిగిలింది.

తర్వాత నోటిఫై. ఇది కాగితం వాసన వేసే క్రియ. లాటిన్‌లో “తెలిసిన” అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. నోటిఫై చెయ్యడమంటే, తర్వాత ఎవరూ “నాకు తెలీదు” అనడానికి వీల్లేకుండా తెలియజెయ్యడం. అందుకే ప్రభుత్వం ఉద్యోగాలకు ఇచ్చేది నోటిఫికేషన్. గెజిట్‌లో వచ్చేది నోటిఫికేషన్. నోటిఫై అంటే చెప్పడంతో పాటు చెప్పినట్టు రుజువు కూడా ఉండాలి.

ఇంటిమేట్ సంగతి తమాషాగా ఉంటుంది. మన దేశపు ఆఫీసుల్లో “కైండ్లీ ఇంటిమేట్” అని రాయని ఉత్తరం లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు “క్లెయిమ్ ఇంటిమేషన్” అంటారు. మన దగ్గర దానికి అధికారికంగా తెలియజెయ్యడం అని అర్థం. బ్రిటన్, అమెరికా ఇంగ్లీషులో మాత్రం ఈ క్రియకి సూచనగా, నర్మగర్భంగా చెప్పడం అనే అర్థమే ఎక్కువ వాడుక. రేపు మనలో ఎవరైనా ఇక్కడి కంపెనీలో చేరి విదేశీ క్లయింటుకి “ఐ విల్ ఇంటిమేట్ యు” అని రాస్తే, వాళ్ళు అయోమయపడొచ్చు. “ఐ విల్ లెట్ యు నో” అంటే ఎక్కడైనా చెల్లుతుంది. పలకడంలోనూ జాగ్రత్త: క్రియ అయితే చివర “మేట్”, సన్నిహితమైన అనే విశేషణమైతే చివర “మట్”.

అనౌన్స్ అంటే అందరికీ చాటడం. దీని వ్యాకరణం ఇన్ఫార్మ్‌కి తలకిందులు. ఇక్కడ నేరుగా వచ్చేది వార్త, మనిషి కాదు. “దే అనౌన్స్డ్ అస్” అంటే వాళ్ళు మన రాకని ప్రకటించారని అర్థమవుతుంది. మనకి ప్రకటించారని చెప్పాలంటే “అనౌన్స్డ్ ఇట్ టు అస్” అనాలి. ఇన్ఫార్మ్ దగ్గర తీసేసిన “టు”ని ఇక్కడ పెట్టాలి.

ఆఫీసుల్లో ఈ మధ్య బాగా వినిపించేది “హెడ్స్-అప్”. పైనుంచి ఏదో పడబోతోంది, తల ఎత్తి చూడండి అనే కేక నుంచి పుట్టింది. తియ్యగా, చనువుగా ముందే ఒక మాట చెవిన వెయ్యడం. స్నేహితులకి సరే గానీ, రాజీనామా ఉత్తరానికి పనికిరాదు.

“ప్రి-ఇన్ఫార్మ్”, “ప్రి-ఇంటిమేషన్” అని కూడా మనవాళ్ళు రాస్తుంటారు. “ఇన్ఫార్మ్ ఇన్ అడ్వాన్స్” అంటే సరిపోతుంది. అయితే బెంగళూరులో “అడ్వాన్స్” అనగానే అందరికీ ఇంటి డిపాజిట్టే గుర్తొస్తుంది, అది వేరే బాధ!

హెచ్చరించే క్రియలు

వార్న్ ఈ కుటుంబానికి పెద్ద. పాత ఇంగ్లీషు మాట. వేరీ, అవేర్, బివేర్ అన్నీ దీని చుట్టాలే. అన్నిట్లోనూ కనిపెట్టుకుని ఉండడం అనే భావం ఉంది.

దీని వ్యాకరణం చూడండి. వార్న్ తర్వాత మనిషి నేరుగా వస్తాడు. ఇక్కడ మనం తప్పు చెయ్యం. ఎందుకంటే తెలుగులో కూడా “అతణ్ణి హెచ్చరించాను” అంటాం. ద్వితీయా విభక్తి. “అతనికి తెలియజేశాను”, “అతణ్ణి హెచ్చరించాను” అనే ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టుకుంటే, ఇంగ్లీషులో మనం ఎక్కడ జారతామో, ఎక్కడ జారమో తెలుగే చెప్పేస్తుంది.

వార్న్ తర్వాత “ఆఫ్”, “అబౌట్”, “దట్” వస్తాయి. వాటితో పాటు ఇన్ఫార్మ్‌కి లేనిది ఒకటి వస్తుంది: చెయ్యాల్సిన పని. “షి వార్న్డ్ అస్ నాట్ టు గో”, అంటే వెళ్ళొద్దని హెచ్చరించింది. “షి వార్న్డ్ అస్ అగెనెస్ట్ గోయింగ్” అన్నా అదే. “వార్న్డ్ అస్ టు బాయిల్ ద వాటర్”, అంటే నీళ్ళు కాచి తాగమని హెచ్చరించింది. ఇన్ఫార్మ్ విషయం దగ్గర ఆగిపోతుంది. వార్న్ పని దాకా తీసుకెళ్తుంది. మూడో ప్రశ్నకి సమాధానం ఆ వాక్యనిర్మాణంలోనే ఉంది.

ఫోర్‌వార్న్ అంటే ముందుగా హెచ్చరించడం. హెచ్చరిక ఎప్పుడూ ముందే ఉంటుంది కదా, మళ్ళీ “ఫోర్” ఎందుకు? చాలా ముందుగా, సిద్ధపడే వ్యవధి ఉండేలా అని నొక్కి చెప్పడానికి. “ఫోర్‌వార్న్ ఇన్ అడ్వాన్స్” అంటే మాత్రం నడి మధ్య అన్నట్టే.

కాషన్ వార్న్ కంటే మెత్తన. ప్రమాదం తప్పక వస్తుందని కాదు, రావచ్చు, చూసుకో అని. తడి నేల మీద పెట్టే పసుపు బోర్డు మీద ఉండేది ఇదే.

అలర్ట్ ఇటాలియన్ సైనికుల నోటి నుంచి వచ్చిన మాట. ఎత్తు మీద నిలబడి కాపలా కాయమని దాని అర్థం. అలారం కూడా అక్కడిదే: ఆయుధాలు పట్టండి అని కేక. అలర్ట్ తర్వాత “టు” వస్తుంది: “అలర్టెడ్ అస్ టు ద డేంజర్”. నిద్రలో ఉన్నవాళ్ళని తట్టి లేపడం అలర్ట్. లేచాక ఏం చెయ్యాలో చెప్పడం వార్న్.

టిప్ ఆఫ్ అంటే గుట్టుగా ఉప్పందించడం. తెలుగులో “ఉప్పందించడం” ఎంత సరిగ్గా అతికిందో చూడండి.

ఫోర్‌కాస్ట్, ప్రిడిక్ట్ ఈ గుంపులో ఉన్నట్టు కనబడతాయి గానీ లేవు. అవి రాబోయేదాన్ని లెక్కగట్టి చెప్తాయి. ఎవరికి చెప్తున్నారన్నది వాటికి అక్కర్లేదు. వాక్యంలో మనిషే ఉండడు. “రేపు 12 సెంటీమీటర్ల వాన” అనేది ఫోర్‌కాస్ట్. “రేపు మీ వీధి మునుగుతుంది, బండి పైన పెట్టుకోండి” అనేది వార్నింగ్.

మన మాటల సంగతి

ఇంగ్లీషుకి ఇన్ని క్రియలుంటే తెలుగుకి రెండేనా? కాదు. తెలుపు, తెలియజేయు, ఎరిగించు, విన్నవించు, చాటు, కబురు పెట్టు, ఉప్పందించు, జాగ్రత్త చెప్పు, హెచ్చరించు అని మనకీ ఉన్నాయి. దండోరా, టముకు, చాటింపు అని ఊరందరికీ ఒకేసారి చెప్పే పద్ధతులకి పేర్లున్నాయి. పైఅధికారి దగ్గర నుంచి వచ్చే తాకీదు అరబ్బీ నుంచి వచ్చింది, కబురు కూడా అక్కడిదే.

తెలుపు అనే మాట నాకు చాలా ఇష్టం. రంగూ అదే, తెలియజెయ్యడమూ అదే. తేటగా ఉండడం అనే మూలం నుంచి రెండూ వచ్చాయి. మసకగా ఉన్నదాన్ని తెల్లగా, తేటగా చేసి చూపించడం తెలపడం.

హెచ్చరిక అనే మాటకి బెంగళూరు వీధుల్లోనే వివరణ దొరుకుతుంది. తవ్విన గోతుల దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ల మీద కన్నడంలో “ఎచ్చరికె” అని ఉంటుంది. కన్నడంలో “ఎచ్చర” అంటే మెలకువ. “ఎచ్చరవాయితు” అంటే మెలకువ వచ్చింది. మన అనంతపురం, చిత్తూరు వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ “ఎచ్చరికగా ఉండు” అంటారు, హకారం లేకుండా. ఇక జాగ్రత్త చూడండి. అది సంస్కృతం నుంచి వచ్చింది. దానికీ మేలుకుని ఉండడమే అర్థం. ఒకటి ఈ నేల మాట, ఒకటి సంస్కృతం, రెండూ చెప్పేది ఒకటే: మేలుకో. త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో ఒకటి హెచ్చరిక అనే మాటతోనే మొదలవుతుంది. అక్కడ భయపెట్టడం లేదు. పదిలంగా అడుగెయ్యమనే ప్రేమ ఉంది.

ఆ ప్రేమ ఇప్పుడు ఆ మాటలో తగ్గిపోయింది. పేపర్లో “కఠిన చర్యలు తప్పవని హెచ్చరించారు” అని చదివీ చదివీ, సినిమాల్లో “వార్నింగ్ ఇచ్చి వచ్చాను” అని వినీ వినీ, హెచ్చరిక అంటే బెదిరింపే అయి కూర్చుంది. ఇంట్లో ఎవరూ “అమ్మ నన్ను హెచ్చరించింది” అనరు. “అమ్మ జాగ్రత్తలు చెప్పింది” అంటారు. మన మేలు కోరి చెప్పేదానికి జాగ్రత్త, చెప్పేవాళ్ళ అధికారం చూపించేదానికి హెచ్చరిక అని వాడుకలో విడిపోయాయి. అనువదించేటప్పుడు ఈ తేడా పట్టుకోవాలి. మందు సీసా మీది వార్నింగ్‌ని అమ్మమ్మకి “హెచ్చరిక” అని చదివితే భయపడి మందే మానేస్తుంది. “ఈ మందుతో ఈ జాగ్రత్త” అంటే వింటుంది.

మాట తేడా ప్రాణం మీదికి వచ్చే చోట

1977 నవంబర్ 19న దివిసీమ మీద తుపాను విరుచుకుపడింది. సముద్రం ఊళ్ళ మీదకొచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. ఆ రోజుల్లో తుపాను కబురు వచ్చేది రేడియోలో, టెలిగ్రాముల్లో. కరెంటు, తీగలు తెగిపోయాక అవీ ఉండవు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. నగరం అతలాకుతలమైంది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు వందలోపే. ఉపగ్రహాలు, తుపాను షెల్టర్లు, ముందుగా జనాన్ని తరలించడం అన్నీ కలిసి చేసిన పని అది. ఆ పనులన్నిటినీ కదిలించేది మాత్రం ఒక మాట. ఏ గంటకి ఏ మాట వాడాలో ఇప్పుడు కచ్చితంగా రాసి పెట్టుకున్నారు.

వాతావరణ శాఖ తుపానుకి నాలుగు దశలు పాటిస్తుంది. ముందు ప్రి-సైక్లోన్ వాచ్. తీరంలో ప్రతికూల వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు సైక్లోన్ అలర్ట్. కనీసం 24 గంటల ముందు సైక్లోన్ వార్నింగ్. తీరం దాటడానికి సుమారు 12 గంటల ముందు, తీరం దాటాక ఎలా ఉంటుందో చెప్పే అంచనా. వాచ్, అలర్ట్, వార్నింగ్ ఇక్కడ పర్యాయపదాలు కావు, మెట్లు.

రంగులు కూడా అంతే. పచ్చ అయితే హెచ్చరిక ఏమీ లేదు. పసుపు అయితే వాచ్: వార్తలు గమనిస్తూ ఉండండి. నారింజ అయితే అలర్ట్: సిద్ధంగా ఉండండి. ఎరుపు అయితే వార్నింగ్: పనిలోకి దిగండి. మనం మాత్రం “యెల్లో అలర్ట్, ఆరెంజ్ అలర్ట్, రెడ్ అలర్ట్” అని మూడింటికీ ఒకే తోక తగిలించేశాం. బెంగళూరులో వానాకాలం వస్తే యెల్లో అలర్ట్ అని చదివి కంగారు పడేవాళ్ళున్నారు, నాలుగుసార్లు కంగారుపడ్డాక ఎరుపు వచ్చినా పట్టించుకోనివాళ్ళున్నారు. 2022 సెప్టెంబర్‌లో అవుటర్ రింగ్ రోడ్డు, బెళ్ళందూరు వైపు ట్రాక్టర్ల మీద జనం ఆఫీసులకి వెళ్ళింది మనం మర్చిపోలేదు.

2004 డిసెంబర్ 26 సునామీ నాడు హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. ఆ తర్వాత 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం పెట్టారు. అక్కడ కూడా మూడు మాటలు, మూడు పనులు. వార్నింగ్ అంటే జనం ఎత్తైన చోటికి వెళ్ళాలి. అలర్ట్ అంటే బీచ్‌లకీ, తీరపు పల్లపు ప్రాంతాలకీ దూరంగా ఉండాలి. వాచ్ అంటే జనం వెంటనే కదలక్కర్లేదు, అధికారులు సిద్ధంగా ఉండాలి. ఈ మూడింటినీ తెలుగులో “సునామీ హెచ్చరిక” అని ఒకే మాటతో రాస్తే, పరుగెత్తాల్సినవాళ్ళెవరో ఆగాల్సినవాళ్ళెవరో తేలదు.

అయితే ఇదే మెట్ల లెక్కని తెలుగు ఇంకో దారిలో సాధించింది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మాట ఒక్కటే, అంకె మారుతుంది. ఆ ఒడ్డున చదువు రాని ముసలమ్మ కూడా “మూడోది ఎగరేశారా” అని అడుగుతుంది. 1986 ఆగస్టులో అక్కడ నీటిమట్టం 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. కాబట్టి తెలుగులో మాటలు తక్కువయ్యాయని బాధపడక్కర్లేదు. ఏ మాటకి ఏ పని అన్నది అందరికీ ముందే తెలిసి ఉంటే ఒక్క మాటైనా చాలు.

ఇంటి గడప దగ్గర

వరద మాట అలా ఉంచి మన గదుల్లోకి వద్దాం.

మా వీధిలో ఒక అక్క ఉంది. గార్మెంట్స్‌లో పని. ఇల్లు మారాలనుకుని నెల రోజుల ముందే ఓనరుకి ఫోన్లో చెప్పింది. ఖాళీ చేసే రోజు అడ్వాన్స్‌లో ఒక నెల అద్దె కోసేశారు. “నేను చెప్పాను కదా అన్నా” అంది అక్క. “చెప్పావమ్మా, నోటీస్ ఇవ్వలేదు” అన్నాడాయన. అగ్రిమెంటులో ఉన్నది “నోటిఫై ఇన్ రైటింగ్”. అక్క చేసింది టెల్. ఆ రెండు క్రియల మధ్య దూరం ఆమెకి ఒక నెల అద్దె.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 106వ సెక్షన్ ఉంది. వేరే ఒప్పందం లేకపోతే, నెలవారీ అద్దె ఇంటికి 15 రోజుల నోటీసు కావాలి. అది రాతలో ఉండాలి, ఇచ్చినవాళ్ళ సంతకం ఉండాలి. గడువు లెక్క నోటీసు అందిన రోజు నుంచి మొదలవుతుంది. ఇది రెండువైపులా వర్తిస్తుంది. ఓనరు కూడా “రేపు ఖాళీ చెయ్యి” అని నోటితో అంటే అది నోటీసు కాదు. పీజీలో ఉండే మనలో చాలామందికి, రేపు ఉద్యోగంలో చేరి “నోటీస్ పీరియడ్” అనే మాట కింద సంతకం పెట్టబోయే అందరికీ ఈ తేడా కావాలి. ముందు నోటితో చెప్పండి, మర్యాద. తర్వాత రాతలో పెట్టండి, రక్షణ.

ఇంకొకటి డెంగీ. వాన మొదలైతే మన హాస్టళ్ళలో ఎవరికో ఒకరికి వస్తూనే ఉంటుంది. ఆస్పత్రి కాగితాల మీద “వార్నింగ్ సైన్స్” అని ఉంటుంది: తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా నీరసంగా పడి ఉండడం. దీన్ని “జబ్బు లక్షణాలు” అని అనువదిస్తే ప్రమాదం. లక్షణం అంటే సమాచారం: జ్వరం, ఒళ్ళునొప్పులు, కళ్ళవెనక నొప్పి. వార్నింగ్ సైన్ అంటే పని: ఇది కనబడిన వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. పైగా ఇవి చాలాసార్లు జ్వరం తగ్గుముఖం పట్టే రోజుల్లోనే బయటపడతాయి. జ్వరం తగ్గింది కదా అని నిశ్చింతగా పడుకునే వేళకే అన్నమాట. దానికి నేను వాడే తెలుగు “ప్రమాద సూచనలు – కనబడితే ఆగొద్దు”. మాట పొడుగైనా పరవాలేదు.

మంచి హెచ్చరిక ఎలా రాయాలి

2023లో టెలికాం శాఖ మనందరి ఫోన్లకీ పెద్ద మోతతో ఒక పరీక్షా సందేశం పంపింది, గుర్తుందా? క్లాసులో అందరి ఫోన్లూ ఒక్కసారే మోగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అలాంటి సందేశం నిజంగా వచ్చిన రోజు, చదవడానికి మనకి ఉండేది కొన్ని క్షణాలే. అందుకే హెచ్చరికలో అయిదు సంగతులు ఉండాలి: ఏం ప్రమాదం, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి, ఏం చెయ్యాలి. అయిదోది లేకపోతే అది ఉత్త సమాచారం.

హాస్టల్ బోర్డు మీద “నీటి ట్యాంకు శుభ్రపరచబడునని ఇందుమూలముగా తెలియజేయడమైనది” అని ఉందనుకోండి. అందులో ఇన్ఫార్మ్ ఉంది. దాన్నే ఇలా రాయొచ్చు: “రేపు ఉదయం 6 నుంచి 11 దాకా రెండో అంతస్తులో నీళ్ళు రావు. ఈ రాత్రికే బకెట్లు నింపుకోండి. 11 తర్వాత మొదటి అయిదు నిమిషాల నీళ్ళు తాగొద్దు.” ఇందులో వార్న్ ఉంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే అవసరం రాకుండా చేసేది ఇలాంటి వాక్యమే.

అభ్యాసం

కింది వాక్యాలకి తగిన ఇంగ్లీషు క్రియ ఏది? ముందు మీరే ఆలోచించి, తర్వాత జవాబులు చూడండి.

1. ఆ వీధిలో కుక్కలున్నాయి, రాత్రి ఒంటరిగా వెళ్ళొద్దని వాచ్‌మన్ తాత చెప్పాడు.
2. పరీక్ష తేదీలు మారాయని యూనివర్సిటీ అధికారికంగా తెలిపింది.
3. అక్కకి పాప పుట్టిందని బావ ఫోన్ చేసి చెప్పాడు.
4. గోడౌన్‌లో దొంగ సరుకు ఉందని ఎవరో పోలీసులకి చెప్పారు.
5. మేడమ్ రేపు సర్‌ప్రైజ్ టెస్ట్ పెడతారేమో, చూసుకోండే అని సీనియర్ చెప్పింది.
6. శనివారం బాగా వాన పడొచ్చని వాతావరణ శాఖ చెప్పింది.

జవాబులు: 1. వార్న్, ఎందుకంటే ప్రమాదమూ ఉంది, చెయ్యకూడని పనీ ఉంది. 2. నోటిఫై. 3. ఇన్ఫార్మ్, లేదా హాయిగా టెల్. ఇంట్లో శుభవార్తకి నోటిఫై వాడితే నవ్వుతారు. 4. టిప్ ఆఫ్. 5. హెడ్స్-అప్ ఇవ్వడం. 6. ఫోర్‌కాస్ట్. అదే శాఖ “పల్లపు ప్రాంతాలవాళ్ళు కదలండి” అంటే అప్పుడు వార్న్.

ఈ కాగితం కింద ఒక తెల్ల కాగితం అంటించి పెన్ను కట్టాం. మీ ఊళ్ళో, మీ ఇంట్లో ముందుగా జాగ్రత్త చెప్పడానికి వాడే మాటలేమైనా ఉంటే రాయండి. రాయలసీమ, కోస్తా, తెలంగాణ, కోలారు, బళ్ళారి, హోసూరు, ఎక్కడి మాటైనా సరే. ఊరి పేరు కూడా పక్కన రాస్తే, వచ్చే సంచికలో అన్నీ కలిపి పట్టికగా వేస్తాం.